క్యాన్సర్ చికిత్సలో నానో ఔషధ వాహకాలు

క్యాన్సర్ మందును అతి సూక్ష్మమైన రేణువుల్లో ఇమిడ్చి రక్తంలోకి పంపి, ఆరోగ్యంగా ఉన్న అవయవాలకు హాని తగ్గేలా, కణితి దగ్గర మందు ఎక్కువగా చేరేలా చూసే విధానమే నానో రేణువుల లక్ష్యిత ఔషధ చేరవేత. ఇందులో మందు సాధారణంగా పాతదే. డాక్సోరుబిసిన్, పాక్లిటాక్సెల్, ఇరినోటెకాన్ వంటి మందులు నానో రూపం రాకముందు నుంచే వాడుకలో ఉన్నాయి. మారింది వాటిని మోసుకెళ్లే వాహనం. 1995లో తొలి నానో క్యాన్సర్ ఔషధానికి అమెరికాలో అనుమతి లభించింది. ఆ తరువాత ఈ రంగం ప్రయోగశాల నుంచి ఆసుపత్రి వార్డుకు చేరింది. ఈ మందుల పరిశోధనలోను, తయారీలోను, తక్కువ ధరకు అందించడంలోను బెంగళూరు, హైదరాబాద్ నగరాలకు గుర్తించదగిన పాత్ర ఉంది.

నిర్వచనం, పరిధి

నానోమీటరు అంటే మీటరులో వందకోట్లో వంతు. తలవెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు. ఎర్ర రక్తకణం వ్యాసం సుమారు 7,000. కచ్చితమైన నిర్వచనం ప్రకారం 1 నుంచి 100 నానోమీటర్ల మధ్య ఉన్నవే నానో రేణువులు. వైద్యంలో ఈ హద్దును కొంత సడలించి, కొన్ని వందల నానోమీటర్ల వాహకాలను కూడా ఈ కోవలోనే చేరుస్తారు. ఈ వ్యాసంలో కణం అంటే జీవకణం. మందు మోసేదాన్ని రేణువు అని వ్యవహరించాం.

ఇమాటినిబ్ వంటి మందులతో చేసే టార్గెటెడ్ థెరపీ వేరు, ఇది వేరు. అక్కడ మందు అణువే క్యాన్సర్ కణంలోని ఒక నిర్దిష్ట ప్రొటీన్‌ను అడ్డుకుంటుంది. ఇక్కడ మందు కణాలను చంపే మామూలు విషమే కావచ్చు, గురి చూసే పని వాహకానిది. ప్రతిరక్షకానికి మందును నేరుగా అతికించిన సంయోగాలను కొందరు నానో ఔషధాల్లో లెక్కిస్తారు. వాటిని వేరే శీర్షికగా చూడటమే ఉచితం (చూ. ప్రతిరక్షక ఔషధ సంయోగాలు).

అవసరం

కీమోథెరపీ మందులు వేగంగా విభజన చెందే కణాలను చంపుతాయి. క్యాన్సర్ కణాలతోపాటు ఎముక మూలుగ, జుట్టు కుదుళ్లు, నోటి లోపొర, పేగు గోడల కణాలు కూడా వేగంగా విభజన చెందేవే. జుట్టు రాలడం, నోటిపూత, రక్తకణాలు పడిపోవడం ఇందువల్లనే. డాక్సోరుబిసిన్‌కు దీనికి తోడు గుండె కండరాన్ని దెబ్బతీసే గుణం ఉంది. అందుకే రోగి జీవితకాలంలో మొత్తం ఎంత ఎక్కించవచ్చన్న దానికి చదరపు మీటరు శరీర వైశాల్యానికి 450 నుంచి 550 మిల్లీగ్రాముల వరకే హద్దు పెట్టారు. కణితి మందుకు లొంగుతున్నా, గుండె కోసం ఆపేయాల్సిన స్థితి రావచ్చు.

రెండో ఇబ్బంది కరగకపోవడం. పాక్లిటాక్సెల్ నీటిలో దాదాపు కరగదు. దాన్ని ఆముదం నుంచి తయారుచేసిన క్రెమోఫోర్ అనే ద్రావకంలోను, ఆల్కహాల్‌లోను కరిగించి ఇస్తారు. ఆ ద్రావకమే కొందరిలో తీవ్రమైన అలర్జీ తెస్తుంది. కాబట్టి ముందుగా స్టెరాయిడ్లు, అలర్జీ మందులు ఇచ్చి, ఆపై మూడు గంటలపాటు నెమ్మదిగా మందు ఎక్కించాలి. వాహకాన్ని మార్చగలిగితే ఈ బాధ ఉండదన్న ఆలోచన అబ్రాక్సేన్ అనే నానో మందుకు దారితీసింది.

చరిత్ర

రోగాన్ని మాత్రమే తాకి, రోగిని తాకని మందు అనే భావనను 20వ శతాబ్దం తొలి ఏళ్లలో జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ ప్రతిపాదించాడు. దానికి సరిపడే వాహకం దొరకడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. 1960ల మధ్యలో ఇంగ్లాండులో అలెక్ బాంగమ్, కొవ్వు పదార్థాలైన ఫాస్ఫోలిపిడ్లు నీటిలో వాటంతటవే గుండ్రని సంచుల్లా మూసుకుంటాయని చూపాడు. ఇవే లైపోసోములు. 1970ల ఆరంభంలో గ్రెగరీ గ్రెగోరియాడిస్ వీటిని మందుల వాహకాలుగా వాడవచ్చని ముందుకు తెచ్చాడు. 1975లో హెల్మట్ రింగ్స్‌డార్ఫ్, పాలిమర్ గొలుసుకు మందును, గురి చూసే అణువును కలిపి అతికించే నమూనాను ప్రతిపాదించాడు.

1986లో జపాన్‌కు చెందిన మత్సుమురా, మయేదా ఒక కీలక పరిశీలన ప్రకటించారు. కణితిలో హడావుడిగా పెరిగే రక్తనాళాల గోడలు లోపభూయిష్ఠంగా, సందులతో ఉంటాయి. ద్రవాన్ని బయటికి తోడే శోషరస నాళాలు అక్కడ సరిగ్గా పనిచేయవు. అందువల్ల పెద్ద అణువులు అక్కడ కారి, అక్కడే నిలిచిపోతాయి. వర్ధిత పారగమ్యత, నిలుపుదల ప్రభావంగా ప్రసిద్ధమైన ఈ పరిశీలన తరువాతి ముప్పై ఏళ్ల పరిశోధనకు పునాది అయింది. దాని మీద ఇప్పుడు నడుస్తున్న వాదం గురించి 'పరిమితులు' శీర్షికలో చూడవచ్చు.

ఇజ్రాయెల్‌లో యెహెజ్కెల్ బారెన్‌హోల్జ్, అల్బర్టో గబిజోన్‌ల కృషితో రూపొందిన లైపోసోమల్ డాక్సోరుబిసిన్‌కు డాక్సిల్ పేరుతో 1995లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. మొదట కపోసి సార్కోమాకు, 1999లో అండాశయ క్యాన్సర్‌కు, 2007లో మల్టిపుల్ మైలోమాకు దాన్ని అనుమతించారు. 2005లో అల్బుమిన్‌తో బంధించిన పాక్లిటాక్సెల్, అంటే అబ్రాక్సేన్ వచ్చింది. 2007లో దక్షిణ కొరియా పాలిమర్ మైసెల్ రూపంలోని పాక్లిటాక్సెల్‌ను అనుమతించింది. 2015లో లైపోసోమల్ ఇరినోటెకాన్‌కు, 2017లో రెండు మందులను ఒకే లైపోసోములో నింపిన విక్సియోస్‌కు అమెరికాలో అనుమతి లభించింది.

ఎల్లాప్రగడ సుబ్బారావు, ఫోలిక్ ఆమ్లం

ఈ చరిత్రలో తెలుగు పాఠకులు ప్రత్యేకంగా గుర్తించాల్సిన అధ్యాయం ఒకటి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలల్లో పరిశోధన విభాగానికి నాయకత్వం వహించారు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినట్లు ప్రకటించింది. కణ విభజనకు ఈ విటమిన్ తప్పనిసరి. దానిలాగే కనిపిస్తూ దాని పనిని అడ్డుకునే అణువులను కూడా ఆ ప్రయోగశాలే తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చాడు. వ్యాధి తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని 1948లో ప్రచురించాడు. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు దగ్గరి బంధువైన మెథోట్రెక్సేట్ ఈనాటికీ క్యాన్సర్ వార్డుల్లో వాడుకలో ఉంది.

అదే ఫోలిక్ ఆమ్లం నానో వైద్యంలో మరో పాత్ర పోషిస్తోంది. అండాశయ క్యాన్సర్ సహా పలు క్యాన్సర్ల కణాలు తమ ఉపరితలం మీద ఫోలేట్ గ్రాహకాలను మామూలు కణాలకంటే చాలా ఎక్కువగా ప్రదర్శిస్తాయి. రేణువు పైపొర మీద ఫోలిక్ ఆమ్లాన్ని అతికిస్తే ఆ గ్రాహకం దాన్ని పట్టుకుని లోపలికి లాక్కుంటుంది. చౌక, చిన్న అణువు, నిల్వకు తట్టుకుంటుంది కాబట్టి భారతీయ ప్రయోగశాలల్లో గురి చూపే అణువుగా దీన్ని విస్తృతంగా వాడుతున్నారు. క్యాన్సర్ కణాన్ని ఆకలితో చంపడానికి ఉపయోగపడిన జ్ఞానం, ఆ కణం తలుపు తీయించడానికి కూడా పనికి వచ్చింది (చూ. ఎల్లాప్రగడ సుబ్బారావు, మెథోట్రెక్సేట్).

వాహకాల రకాలు

లైపోసోములు. ఆసుపత్రి అనుభవం అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది వీటితోనే. రెండు పొరల కొవ్వు గోడ, లోపల నీటి గది ఉంటాయి. నీటిలో కరిగే మందు లోపలి గదిలోను, కొవ్వులో కరిగేది గోడలోను నిలుస్తుంది. లైపోసోమల్ డాక్సోరుబిసిన్ రేణువు 80 నుంచి 100 నానోమీటర్ల వరకు ఉంటుంది. ముందుగా లోపల అమ్మోనియం సల్ఫేట్ నింపి, బయటినుంచి మందు కలుపుతారు. మందు గోడ దాటి లోపలికి వెళ్లాక సల్ఫేటుతో కలిసి స్ఫటికంగా గట్టిపడి, బయటికి రాలేక ఉండిపోతుంది. ఒక్కో లైపోసోములో వేలాది మందు అణువులను ఈ ఉపాయంతోనే కూర్చగలుగుతున్నారు.

క్యాన్సర్‌తో సంబంధం లేకుండానే లైపోసోము అన్న పేరు తెలుగు ఇళ్లలోకి వచ్చింది. 2021లో కొవిడ్ తరువాత బ్లాక్ ఫంగస్ వ్యాపించినప్పుడు దొరకక కుటుంబాలు అల్లాడిపోయిన ఇంజెక్షన్ లైపోసోమల్ యాంఫోటెరిసిన్ బి.

అల్బుమిన్ రేణువులు. అబ్రాక్సేన్‌లో మనిషి రక్తంలో సహజంగా ఉండే అల్బుమిన్ ప్రొటీన్‌నే వాహకంగా వాడారు. రేణువు సగటు పరిమాణం 130 నానోమీటర్లు. క్రెమోఫోర్ అవసరం లేకపోవడంతో అరగంటలో ఎక్కించవచ్చు, సాధారణంగా ముందస్తు స్టెరాయిడ్లు అక్కర్లేదు.

పాలిమర్ రేణువులు, మైసెల్స్. లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలతో చేసిన పాలిమర్లు శరీరంలో నెమ్మదిగా కరిగి మందును విడుదల చేస్తాయి. భారతదేశంలో డాబర్ ఫార్మా 2000ల దశకంలో నానోక్సెల్ పేరుతో పాలిమర్ ఆధారిత పాక్లిటాక్సెల్‌ను విడుదల చేసింది. రొయ్యల, పీతల పెంకుల నుంచి వచ్చే కైటోసాన్ మీద కూడా పరిశోధన చాలా ఉంది.

లోహ, అకర్బన రేణువులు. బంగారం, ఐరన్ ఆక్సైడ్, సిలికా, హాఫ్నియం ఆక్సైడ్ ఈ కోవలోవి. వీటిలో చాలావరకు మందును మోయడంకంటే వేడి పుట్టించడానికి, రేడియేషన్ ప్రభావాన్ని పెంచడానికి, కణితిని స్కానులో చూపడానికి ఉపయోగపడతాయి. మెదడు కణితుల్లోకి ఐరన్ ఆక్సైడ్ రేణువులు ఎక్కించి, మారే అయస్కాంత క్షేత్రంతో వేడిచేసే పద్ధతికి, మృదు కణజాల సార్కోమాలో రేడియేషన్‌కు తోడుగా హాఫ్నియం ఆక్సైడ్‌కు ఐరోపాలో అనుమతి లభించింది. ధారవాడకు చెందిన కట్టేశ్ కట్టి అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయంలో రేడియోధార్మిక బంగారు రేణువులను గమ్ అరబిక్ జిగురుతో స్థిరపరచి ప్రోస్టేట్ కణితులపై పరీక్షించారు. ఆయుర్వేదంలోని స్వర్ణభస్మాన్ని కొందరు దీనికి ప్రాచీన రూపంగా ప్రచారం చేస్తుంటారు. భస్మంలో నానో పరిమాణపు బంగారం ఉన్నట్లు విశ్లేషణల్లో తేలినమాట నిజమే. కానీ అది కణితికి మందు మోసుకెళ్లే వాహకం కాదు. క్యాన్సర్ రోగి దాన్ని నమ్ముకుని చికిత్స మానడం ప్రమాదకరం.

కొవ్వు నానో రేణువులు. కేంద్రక ఆమ్లాలను మోసే ఇవి 2018లో ఒక వంశపారంపర్య నరాల వ్యాధి మందుతో వాడుకలోకి వచ్చి, కొవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలతో ప్రపంచమంతటికీ తెలిశాయి. క్యాన్సర్ టీకాల ప్రయత్నాలు ఎక్కువగా వీటి మీదే నడుస్తున్నాయి.

పనిచేసే తీరు

సిరలోకి ఎక్కించిన రేణువు కణితి లోపలి కణం దాకా చేరాలంటే వరుసగా అనేక అడ్డంకులు దాటాలి.

మొదటిది రక్తం. ఆరు నానోమీటర్లకంటే చిన్న రేణువులను మూత్రపిండాలు వడకట్టి పారేస్తాయి. రెండు వందలు దాటినవి ప్లీహంలో చిక్కుకుంటాయి. వీటి మధ్య పరిమాణంలో ఉన్నా, రక్తంలోని ప్రొటీన్లు నిమిషాల్లో రేణువు చుట్టూ పొరలా పేరుకుంటాయి. ఆ పొరను గుర్తుపట్టి కాలేయంలోని కుఫర్ కణాలు రేణువును మింగేస్తాయి. దీన్ని ఆలస్యం చేయడానికి రేణువు మీద పాలీఇథిలీన్ గ్లైకాల్ గొలుసులను అతికిస్తారు. నీటిని పట్టి ఉంచే ఈ గొలుసులు ప్రొటీన్లను కొంతవరకు దూరం పెడతాయి. మామూలు డాక్సోరుబిసిన్ నిమిషాల్లో రక్తాన్ని వదిలి కణజాలాల్లోకి పోతే, గొలుసులు అతికించిన లైపోసోము రెండు మూడు రోజులు రక్తంలో తిరుగుతుంది. గుండె కండరంలోకి మందు తక్కువగా చేరడానికి ఇదే కారణం. గుండెలోని ఆరోగ్యంగా ఉన్న రక్తనాళాల గోడలు బిగువుగా ఉండి, లైపోసోమును బయటికి పోనివ్వవు.

రెండోది కణితి గోడ. సందుల ద్వారా కారడమన్న పై వివరణ నిష్క్రియ లక్ష్యీకరణకు ఆధారం. రేణువు మీద ప్రతిరక్షకం, ఫోలిక్ ఆమ్లం, ట్రాన్స్‌ఫెరిన్, పెప్టైడ్ లేదా హయలురోనిక్ ఆమ్లం అతికిస్తే అది క్రియాశీల లక్ష్యీకరణ అవుతుంది. ఈ రెండు మాటలూ కొంత తప్పుదోవ పట్టించేవేనని చెప్పక తప్పదు. అతికించిన అణువు రేణువును కణితి వైపు లాగదు. రేణువు రక్తప్రవాహంతో ఎక్కడికి పోతే అక్కడికే పోతుంది. అది కణితిలోకి చేరిన తరువాతే అక్కడి కణానికి అతుక్కుని లోపలికి పోవడానికి ఆ అణువు సాయపడుతుంది.

మూడోది కణితి లోపలి ఒత్తిడి. ద్రవం పోయే దారిలేక అక్కడ పీడనం ఎక్కువగా ఉంటుంది. కొలాజెన్ దట్టంగా అల్లుకుని ఉంటుంది. క్లోమ క్యాన్సర్‌లో ఈ అల్లిక మరీ దట్టం. రేణువు రక్తనాళం పక్కనే ఆగిపోయి, లోతుగా ఉన్న కణాలకు మందు అందకపోవచ్చు.

చివరిది కణం. గ్రాహకం పట్టుకున్న రేణువు ఎండోసోము అనే చిన్న సంచిలో లోపలికి పోతుంది. అక్కడ ఆమ్లత క్రమంగా పెరుగుతుంది. రక్తంలో పీహెచ్ 7.4 ఉంటే, కణితి పరిసరాల్లో 6.5 నుంచి 6.9 వరకు, ఎండోసోములో 5 నుంచి 6 వరకు ఉంటుంది. ఆమ్లానికి తెగే బంధాలతో మందును అతికిస్తే అది కణంలోకి వెళ్లాకే విడుదలవుతుంది. ఎంజైములు, కాంతి, అయస్కాంతం, వేడి వంటి ఇతర సంకేతాలతో విడుదల చేసే నమూనాలూ ఉన్నాయి. సుమారు 40 డిగ్రీల దగ్గర కరిగి మందు వదిలే థర్మోడాక్స్ అనే లైపోసోము కాలేయ క్యాన్సర్ చివరి దశ పరీక్షల్లో రెండుసార్లు ఆశించిన ఫలితం చూపలేకపోయింది.

ఆసుపత్రి ఫలితాలు

లైపోసోమల్ డాక్సోరుబిసిన్ గుండె హానిని స్పష్టంగా తగ్గించింది. కానీ కణితిని తగ్గించే శక్తిలో మామూలు మందును మించిపోలేదు. పైగా అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, పొక్కి, మంటపుట్టే లక్షణం కొత్తగా ఎక్కువైంది. రక్తంలో రోజుల తరబడి తిరిగే రేణువులు చర్మపు సూక్ష్మ నాళాల్లో కూడా చేరడమే ఇందుకు కారణంగా భావిస్తున్నారు.

వ్యాపించిన రొమ్ము క్యాన్సర్‌లో మామూలు పాక్లిటాక్సెల్‌తో పోల్చిన పరీక్షలో అబ్రాక్సేన్ స్పందన రేటును 19 శాతం నుంచి 33 శాతానికి పెంచింది. క్లోమ క్యాన్సర్‌లో జెమ్‌సిటబిన్‌తో కలిపి ఇచ్చినప్పుడు మధ్యస్థ ఆయుష్షు 6.7 నెలల నుంచి 8.5 నెలలకు పెరిగింది. లైపోసోమల్ ఇరినోటెకాన్ అదే వ్యాధి తరువాతి దశలో 4.2 నెలలను 6.1 నెలలు చేసింది. ఈ అంకెలు చిన్నవిగా కనిపించవచ్చు. క్లోమ క్యాన్సర్ ఎంత మొండిదో తెలిసినవారికి ఇవి చిన్నవి కావు.

విక్సియోస్ ఫలితం శాస్త్రపరంగా ఎక్కువ ఆసక్తికరం. అందులోని సైటరబిన్, డానోరుబిసిన్ మందులు 5:1 నిష్పత్తిలో ఉన్నప్పుడు ఒకదానికొకటి బాగా తోడవుతాయని ప్రయోగశాలలో తేలింది. విడివిడిగా ఎక్కిస్తే శరీరంలో ఆ నిష్పత్తి నిలవదు. ఒకే లైపోసోములో నింపితే నిలుస్తుంది. వయసు పైబడిన, ముప్పు ఎక్కువగా ఉన్న లుకేమియా రోగుల్లో మధ్యస్థ ఆయుష్షు 5.95 నుంచి 9.56 నెలలకు పెరిగింది. మందు మారలేదు, మోతాదు కూర్పు చెదరకుండా కణం దాకా చేరింది.

బెంగళూరు

  ఈ వ్యాసానికి సంబంధించిన సంస్థలు నగరానికి ఉత్తర, దక్షిణ దిక్కుల్లో ఉన్నాయి. ఉత్తరాన మల్లేశ్వరం దాటాక భారతీయ విజ్ఞాన సంస్థ, ఇంకా పైన జక్కూరులో జవహర్‌లాల్ నెహ్రూ ఉన్నత విజ్ఞాన పరిశోధన కేంద్రం, దక్షిణాన హోసూరు రోడ్డు వైపు 1973లో మొదలైన కిద్వాయి స్మారక క్యాన్సర్ సంస్థ, అదే దారిలో నగరం చివర బయోకాన్ కర్మాగారాలు. అనంతపురం, చిత్తూరు ప్రాంతాల నుంచి కిద్వాయికి వచ్చే తెలుగు రోగులకు ఇది బాగా తెలిసిన దారే.

పరిశోధన. జక్కూరు కేంద్రాన్ని నిలబెట్టిన సి.ఎన్.ఆర్. రావు దేశంలో నానో పదార్థాల పరిశోధనకు పెద్ద దిక్కు. 2007లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన నానో మిషన్‌కు మార్గదర్శనం ఆయనదే. విజ్ఞాన సంస్థలో అంబరీష్ ఘోష్ బృందం అయస్కాంత క్షేత్రంతో నడిపించగల స్క్రూ ఆకారపు నానో మోటార్లను రూపొందిస్తోంది. రక్తప్రవాహం తీసుకుపోయిన చోటికే పోవాలన్న పరిమితిని దాటడానికి ఇదొక మార్గం. ఈ మోటార్లు క్యాన్సర్ కణాల పక్కనున్న కణజాలానికి ప్రత్యేకంగా ఎక్కువగా అతుక్కుంటున్నాయని 2020లో ఆ బృందం చూపింది. అదే సంస్థలో అశోక్ రాయ్‌చూర్, జయప్రకాశ్ బృందాలు 2023లో బంగారం, కాపర్ సల్ఫైడ్ కలిసిన 8 నానోమీటర్లకంటే చిన్న రేణువులను ప్రకటించాయి. కాంతి పడితే ఇవి వేడెక్కి క్యాన్సర్ కణాన్ని చంపుతాయి. అదే సమయంలో అవి పుట్టించే ధ్వని తరంగాలతో కణితి చోటును గుర్తించవచ్చు. ఇవి రెండూ ఇంకా ప్రయోగశాల దశలోనివే. వార్తాపత్రికల శీర్షికలు చూసి ఆసుపత్రిలో అడిగే రోగులకు ఈ సంగతి స్పష్టంగా చెప్పాలి.

వైద్యంలోకి వచ్చిన మందు. 2008లో బయోకాన్, అమెరికా సంస్థ నుంచి హక్కులు పొంది అబ్రాక్సేన్‌ను భారత మార్కెట్టులో విడుదల చేసింది.

హైదరాబాద్

హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ దేశంలో లైపోసోమ్ పరిశోధన బలంగా సాగిన చోట్లలో ఒకటి. అక్కడ రాజ్‌కుమార్ బెనర్జీ తదితరులు మానసిక వ్యాధులకు వాడే హాలోపెరిడాల్ అణువును లైపోసోము మీద అతికించారు. రొమ్ము క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే సిగ్మా గ్రాహకాలు దీన్ని పట్టుకుంటాయి. 2005లో ప్రచురితమైన ఈ పని, గురి చూపడానికి ఖరీదైన ప్రతిరక్షకాలే అక్కర్లేదనీ, మందుల దుకాణంలో దొరికే చిన్న అణువు చాలనీ చూపింది. అదే సంస్థలో చిత్తరంజన్ పాత్ర బృందం బంగారు తదితర లోహ నానో రేణువులపై పనిచేస్తోంది. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ 2021లో బ్లాక్ ఫంగస్‌కు నోటితో తీసుకునే యాంఫోటెరిసిన్ నానో తంతువుల బిళ్లను రూపొందించింది. అది క్యాన్సర్‌కు సంబంధించినది కాకపోయినా ఇదే విద్య.

తయారీలో ఈ నగరం పాత్ర మరింత పెద్దది. నాట్కో ఫార్మా ఆల్బుపాక్స్ పేరుతో అల్బుమిన్ పాక్లిటాక్సెల్‌ను తెచ్చింది. డాక్టర్ రెడ్డీస్ 2017లో లైపోసోమల్ డాక్సోరుబిసిన్ జెనరిక్‌ను అమెరికా మార్కెట్టులోకి పంపింది. అంతకు ముందు 2012లో అమెరికాలో డాక్సిల్ కొరత వచ్చినప్పుడు, అక్కడి నియంత్రణ సంస్థ మరో భారత కంపెనీ సన్ ఫార్మా వారి లిపోడాక్స్ దిగుమతిని తాత్కాలికంగా అనుమతించింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ జెనరిక్‌కు పూర్తి అనుమతి ఇచ్చింది.

పరిమితులు, వివాదాలు

2016లో టొరంటోకు చెందిన వారెన్ చాన్ బృందం అంతకు ముందు పదేళ్ల ప్రచురణలన్నీ పరిశీలించి, ఎక్కించిన నానో రేణువుల్లో కణితికి చేరేది మధ్యస్థంగా 0.7 శాతమేనని లెక్కగట్టింది. ఆ లెక్క చేసిన తీరును కొందరు తప్పుపట్టారు. మామూలు మందులకూ ఇదే కొలమానం పెడితే ఎంత వస్తుందో చూడాలన్నారు. ఆ వాదంలో బలం ఉంది. అయినా కణితిని వెతుక్కుంటూ వెళ్లే రేణువు అన్న ప్రచార చిత్రానికి ఈ అంకె గట్టి దిద్దుబాటు. 2020లో అదే బృందం, కణితిలోకి రేణువులు పోవడం సందుల ద్వారా కాదనీ, 97 శాతం వరకు రక్తనాళపు కణాలే చురుకుగా లోపలికి తీసుకెళ్తాయనీ ఎలుకల్లో చూపింది. మనిషి కణితుల్లో సందుల తీరు రోగి రోగికీ, ఒకే రోగిలో కణితి కణితికీ మారుతుందన్నది ఇప్పుడు చాలామంది అంగీకరించే విషయం. వేగంగా పెరిగే ఎలుక కణితి దీనికి సరైన నమూనా కాదు.

క్రియాశీల లక్ష్యీకరణకు ఇంకా పెద్ద విజయం రాలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ గుర్తును పట్టుకునే డోసెటాక్సెల్ రేణువులను అభివృద్ధి చేసిన అమెరికా సంస్థ బైండ్ థెరప్యూటిక్స్ 2016లో దివాలా తీసింది. హెర్2 అనే ప్రొటీన్‌ను పట్టుకునే ప్రతిరక్షకం అతికించిన లైపోసోమల్ డాక్సోరుబిసిన్ పరీక్షను కూడా ఆ ఏడాదే, ప్రయోజనం కనిపించక ఆపేశారు. ఇప్పటిదాకా అనుమతి పొందిన లైపోసోమ్, అల్బుమిన్ మందులేవీ గురి చూపే అణువు అతికించినవి కావు. కాబట్టి ఈ రంగం ఇంతవరకు సాధించింది ప్రధానంగా హాని తగ్గించడం, కరగని మందును కరిగించడం, మోతాదు నిష్పత్తి నిలపడం. కణితినే పట్టుకోవడమన్న మాట ఇంకా నెరవేరాల్సి ఉంది. దీన్ని దాచి ప్రచారం చేయడం రోగికి మేలు చేయదు.

భద్రత పరంగా, తొలిసారి ఎక్కించిన నిమిషాల్లోనే కొందరిలో ముఖం ఎర్రబడడం, ఊపిరాడకపోవడం, రక్తపోటు పడిపోవడం కనిపిస్తాయి. ఇది రక్తంలోని కాంప్లిమెంట్ వ్యవస్థ రేణువుల మీద చూపే ప్రతిస్పందన. పాలీఇథిలీన్ గ్లైకాల్‌కు శరీరం ప్రతిరక్షకాలు తయారుచేసుకుంటే తరువాతి మోతాదు త్వరగా తొలగిపోతుంది. కరగని లోహ రేణువులు కాలేయం, ప్లీహాల్లో ఏళ్ల తరబడి ఉండిపోతే ఏమవుతుందన్నది విడిగా పరిశీలించాల్సిన ప్రశ్న.

నియంత్రణ, ధర

మామూలు మందుకు జెనరిక్ చేయడమంటే అదే అణువును తయారుచేసి, రక్తంలో అదే స్థాయి వస్తుందని చూపడం. లైపోసోముకు అది చాలదు. రేణువు పరిమాణం, గోడ కూర్పు, లోపలి స్ఫటిక రూపం, బయటికి వచ్చే వేగం అన్నీ సరిపోలాలి. తయారీ క్రమంలో చిన్న తేడా రోగి రక్తంలో పెద్ద తేడాగా బయటపడగలదు. 2019లో కేంద్ర జీవసాంకేతిక విభాగం, భారత వైద్య పరిశోధన మండలి, కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ కలిసి నానో ఔషధాల మూల్యాంకనానికి మార్గదర్శకాలు విడుదల చేశాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ 42 క్యాన్సర్ మందులపై అమ్మకపు లాభాన్ని 30 శాతానికి పరిమితం చేసింది. ఖరీదైన క్యాన్సర్ మందుల విషయంలో భారత కంపెనీల పోటీ వల్ల ధర ఎంత పడిపోగలదో అంతకు ముందే తెలుసు. 2012లో నాట్కోకు సోరాఫెనిబ్ అనే క్యాన్సర్ మందు మీద తప్పనిసరి లైసెన్సు ఇచ్చినప్పుడు నెలకు సుమారు 2.8 లక్షల రూపాయల మందును 8,800 రూపాయలకు అమ్మాలని నిర్ణయించారు. అది నానో ఔషధం కాదు, కానీ నానో ఔషధాలు నలుగురికీ అందాలన్నా దారి అదే.

వాడుకలో జాగ్రత్తలు

నానో రూపం, మామూలు రూపం ఒకదాని బదులు ఒకటి ఇవ్వకూడదు. పేరులో డాక్సోరుబిసిన్ అని ఉన్నంత మాత్రాన లైపోసోమల్ మందు, మామూలు మందు ఒకటి కావు, మోతాదులూ వేరు. పాక్లిటాక్సెల్‌ను మూడు వారాలకు ఒకసారి చదరపు మీటరుకు 175 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తే, అల్బుమిన్ రూపాన్ని 260 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తారు. లైపోసోమల్ డాక్సోరుబిసిన్‌ను 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి, సెలైన్‌లో కలపకూడదు, ఫిల్టరు ఉన్న గొట్టంతో ఎక్కించకూడదు. తొలిసారి నిమిషానికి ఒక మిల్లీగ్రాము వేగంతో మొదలుపెట్టి, ప్రతిచర్య లేదని తేలాక వేగం పెంచుతారు. మందు తీసుకున్న తరువాత కొన్ని రోజులు అరచేతులకు, అరికాళ్లకు వేడినీరు, బిగుతైన చెప్పులు, రాపిడి తగలకుండా చూసుకోవాలని రోగికి చెబుతారు. ఆసుపత్రి మారినప్పుడు పాత డిశ్చార్జి పత్రంలో మందు రసాయన పేరుతోపాటు దాని రూపం, బ్రాండు, అప్పటిదాకా ఎక్కించిన మొత్తం మోతాదు రాసి ఉన్నాయో లేదో రోగి బంధువులు సరిచూసుకోవాలి.